పాత ల్యాప్‌టాప్‌లో రెండవ వాటా



గ్రామములలో కుటుంబ దర్శనములకు వెళ్లినప్పుడు ఈ మధ్య మాకు తరచుగా ఎదురగుచున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, మా ల్యాప్‌టాప్‌కు ఇక అప్‌డేట్లు రావట. షాపు అబ్బాయేమో కొత్తది కొనమంటున్నాడు. ఈ ఏడు మిర్చికి పెట్టిన పెట్టుబడే తిరిగి రాలేదు. పిల్ల చదువు ఏం కావాలి?" అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఇది ఒక్క ఇంటి మాట కాదు. గనుక ఈ నెల ఈ శీర్షికలో, పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నదానిని ఉన్నట్లే ఉంచి, దాని ప్రక్కన రెండవ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టుకొనుట ఎట్లో, దానికి ముందు ఏమేమి చూచుకొనవలెనో సాధ్యమైనంత తేటగా వ్రాయుచున్నాము. ఇంట కంప్యూటరు తెలిసిన యౌవనస్థులుంటే ఈ పేజీని వారిచేత చదివించుకొని, పెద్దలు ప్రక్కన కూర్చుండి వినుట మేలు. ఎందుకనగా ఇందులో చేతిపని కొంచెమే. తొందరపడక నిర్ణయించవలసిన సంగతులే ఎక్కువ.

అసలు జరిగినదేమిటి?

మన ఇండ్లలోని పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 10 మీద నడుచునవి. మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 2015 జూలై 29న విడుదల చేసి, 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతును ముగించినది. ఇండ్లలో వాడుకొనువారు కోరి నమోదు చేసికొంటే మరియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు పొందే ఏర్పాటును ప్రకటించినది.

మద్దతు ముగిసినదనగా ల్యాప్‌టాప్ ఆగిపోవునని కాదు. అది మునుపటివలెనే తెరుచుకొనును, పని చేయును. అయితే దానిలో క్రొత్తగా ఏదైనా లోపము బయటపడితే సరిచేసేవారు ఉండరు. ఇంటి తలుపు గొళ్లెము ఊడిపోయినా బిగించే వడ్రంగి ఊరు విడిచి వెళ్లినట్లే. ఇంటర్నెట్ లేకుండ ఉత్తరము వ్రాసికొనువారికి దానివలన వెంటనే నష్టము లేదు. బ్యాంకు పనులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఆధార్ పనులు దానిమీద చేయువారికి నెలలు గడిచే కొద్దీ అపాయము పెరుగును.

మరి విండోస్ 11 పెట్టుకొనకూడదా అని కొందరు అడుగుదురు. 2021 అక్టోబరు 5న వచ్చిన ఆ విండోస్‌కు కనీసము 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. స్థలము, టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు కావలెను. ప్రాసెసరు కూడ ఆ సంస్థ ఇచ్చిన జాబితాలో ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదవ తరము మొదలుకొని మాత్రమే ఆ జాబితాలో ఉన్నవి. గనుక 2014లోనో 2016లోనో కొన్న ల్యాప్‌టాప్ తెర చక్కగా ఉన్నను, మీటలు చక్కగా ఉన్నను అందులో చేరదు. వస్తువు అరిగిపోలేదు, జాబితాలో పేరు లేదు, అంతే.

లైనక్స్ అనగానేమి?

ఆపరేటింగ్ సిస్టమ్ అనునది ల్యాప్‌టాప్‌లోని తెరను, మీటలను, డిస్కును, ప్రింటరును ఒక్క చేతిమీదుగా నడిపించే మూల వ్యవస్థ. విండోస్ అటువంటిది. లైనక్స్ కూడ అటువంటిదే. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు దాని మూలభాగమును వ్రాయ మొదలుపెట్టెను. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనువారు అందరు స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకొనదగిన వ్యవస్థ కొరకు గ్నూ అను పనిని ప్రకటించియుండిరి. ఈ రెండు ప్రయత్నములు కలిసి నేటి లైనక్స్ అయినవి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో కూడ ఉన్న మూలభాగము లైనక్సే.

లైనక్స్‌లో అనేక రకములున్నవి. మన దేశములో సి-డాక్ సంస్థ "బాస్" అను పేరుతో ఒకదానిని తయారు చేసినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో కనబడే ఆపరేటింగ్ సిస్టమ్ కొరకు శ్రమించిరి. విండోస్‌కు అలవాటుపడినవారికి సుళువుగా ఉండునది లైనక్స్ మింట్. ఇది 2006లో మొదలైనది. దీని 22వ వరుస 2024 జూలైలో వచ్చినది. దానికి 2029 వరకు అప్‌డేట్లు ఇచ్చెదమని వారు ప్రకటించిరి. దీనికి ర్యామ్ కనీసము 2 జి.బి. కావలెను, 4 జి.బి. ఉంటే సౌకర్యము. డిస్కులో కనీసము 20 జి.బి. కావలెను, 100 జి.బి. ఉంటే మేలు. ఇందులో ఎక్స్ఎఫ్‌సిఈ అను తేలికపాటి రూపము పాత ల్యాప్‌టాప్‌లకు తగినది. దీనికి వెల లేదు. దొంగ తాళముతో తెరిచిన విండోస్‌ను వాడుటకంటె, అందరికి ఉచితముగా ఇచ్చినదానిని వాడుకొనుట మనస్సుకు నెమ్మది, యంత్రమునకు క్షేమము.

రెండూ ఎందుకు?

అంత మంచిదైతే విండోస్‌ను తీసివేసి లైనక్స్ ఒక్కటే ఉంచవచ్చును గదా అని మీరు అనవచ్చును. కొన్ని ఇండ్లకు అది చాలును. అయితే శుభలేఖలు, కరపత్రములు తయారుచేయువారు వాడే పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ కొరకు చేసినవి. దుకాణపు లెక్కల ట్యాలీ కూడ అంతే. కొన్ని స్కానర్లకు, డిజిటల్ సంతకపు పరికరములకు విండోస్ తప్ప వేరొకటి తెలియదు. అట్టి పనులు ఉన్న ఇంటిలో రెండూ ఉంచుకొనుటే మంచిది.

ఒకే ఇంటిని రెండు వాటాలుగా చేసినట్లు దీనిని ఊహించుకొనుడి. మధ్య గోడ ఉండును. వీధి గుమ్మము మాత్రము ఒక్కటే. ల్యాప్‌టాప్ వేయగానే "ఎటు వెళ్లెదవు?" అని ఒక చిన్న జాబితా కనబడును. బాణపు మీటతో లైనక్స్‌నో విండోస్‌నో ఎంచుకొంటే ఆ వాటా తెరుచుకొనును. ఒక సమయమందు ఒక్కటే నడుచును గనుక రెండూ ఉన్నందున వేగము తగ్గదు. డిస్కులో స్థలము మాత్రము పంచుకొనవలసివచ్చును. పని కూడ పంచుకొనుట జ్ఞానము. ఇంటర్నెట్, బ్యాంకు, చదువు లైనక్స్‌లో. పేజ్‌మేకర్, లెక్కలు విండోస్‌లో, అదికూడ వైఫై తీసివేసి. అట్లు చేసినవారికి అప్‌డేట్లు ఆగిన విండోస్ వలన భయము చాలావరకు తగ్గును.

ముందు నకలు, తరువాతనే పని

మేమెరిగిన ఒక కుటుంబములో తండ్రి 2021లో కోవిడ్ రెండవ అల సమయమున మరణించెను. ఆయన కొన్న ల్యాప్‌టాప్ మీదనే కుమార్తె నర్సింగు చదువుచున్నది. అది బాగా నిదానించినందున పట్నములోని ఒక మరమ్మతు షాపులో చూపించగా, "మొత్తం ఫార్మాట్ కొట్టేస్తే స్పీడవుతుందమ్మా" అనిరి. ఆ తల్లి ల్యాప్‌టాప్‌ను అక్కడ వదలక చీర కొంగున చుట్టుకొని తిరిగి వచ్చి, "అయ్యగారూ, అమ్మాయి చదువు ఆగకూడదు, వాళ్ల నాన్న గొంతూ పోకూడదు. ఏం చేయమంటారు?" అని మమ్మును అడిగెను.

సంఘములో కంప్యూటరు పని తెలిసిన ఒక యువకుని పిలిపించితిమి. అతడు ఫోటోల ఫోల్డరు, పాటల ఫోల్డరు నకలు తీసి, "అయిపోయిందమ్మా" అనెను. ఆమె, "ఆయన ఆసుపత్రి నుంచి పంపిన మాటలు ఇందులో లేవు. ఇంకోసారి వెతుకు నాయనా" అని పట్టుబట్టెను. డిస్కు అంతయు ధ్వని ఫైళ్ల కొరకు వెతికించగా, డాక్యుమెంట్స్ లోపల బ్లూటూత్ ద్వారా వచ్చిన ఫైళ్లు చేరే ఫోల్డరులో అవి దొరికినవి. ఫోనులోనుండి ఎప్పుడో ల్యాప్‌టాప్‌కు పంపినవి అక్కడ నిలిచిపోయినవి. ఆ ఫోను ఇప్పుడు లేదు. ఆమె ఆ సాయంత్రము ఇంకోసారి వెతుకుమని అడగకపోయినట్లయితే, ఆ ఇంటిలో ఆ స్వరము ఎంతవరకు నిలిచియుండునో చెప్పలేము.

గనుక మేము మొదట చెప్పునది ఇదే. ముట్టుకొనక ముందు నకలు తీయుడి. ఫోటోలు, సర్టిఫికెట్ల స్కానులు, భూమి కాగితముల ప్రతులు, పిల్లల నోట్సులు, ధ్వనులు అన్నియు వేరొక హార్డు డిస్కులోనికో పెద్ద పెన్‌డ్రైవ్‌లోనికో తీసికొనవలెను. తెలిసిన ఫోల్డర్లతో ఆగక డిస్కు అంతయు వెతుకవలెను. తీసిన నకలును మరియొక కంప్యూటరులో తెరిచి, ఫోటో కనబడుచున్నదా, మాట వినబడుచున్నదా చూడవలెను. తెరిచి చూడని నకలు నకలు కాదు.

పని క్రమము

ఒకటవది: ల్యాప్‌టాప్‌ను పరీక్షించుట. డిస్కులో కనీసము 50 జి.బి. ఖాళీ ఉన్నదో లేదో చూడుడి. తిరిగే హార్డు డిస్కు ఉన్నయెడల, వీలైతే దాని స్థానమున ఎస్.ఎస్.డి. వేయించుడి, పాత ల్యాప్‌టాప్‌కు అంత మేలు చేసే మార్పు మరియొకటి లేదు. డిస్కు టకటక శబ్దము చేయుచుంటే దానిమీద ఈ పని అసలే చేయవద్దు.

రెండవది: విండోస్‌ను సిద్ధపరచుట. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ లోపల ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటును తీసివేయవలెను. అది ఉన్నంతకాలము షట్‌డౌన్ చేసినను విండోస్ పూర్తిగా నిద్రపోదు, డిస్కును తన పట్టులోనే ఉంచుకొనును. అట్టి స్థితిలో లైనక్స్ నుండి ఆ భాగములో వ్రాయుట సాధ్యపడదు. బిట్‌లాకర్ అను తాళము వేయబడియున్నదేమో కూడ చూచి, ఉంటే దాని రికవరీ కీని కాగితముమీద వ్రాసి దాచుకొనుడి. ఆ 48 అంకెలు లేకపోతే మీ డిస్కు మీకే తెరుచుకొనకపోవచ్చును.

మూడవది: స్థలము విడదీయుట. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద కుడిమీట నొక్కి ష్రింక్ వాల్యూమ్ అనునది ఎంచుకొనవలెను. 40 జి.బి. కావలెనంటే అక్కడ 40960 అని వ్రాయవలెను, ఏలయనగా అది ఎం.బి.లలో అడుగును. విడదీసిన భాగమును ఖాళీగానే వదలుడి, దానికి క్రొత్త డ్రైవ్ పేరు పెట్టవద్దు. ఈ పని జరుగుచుండగా కరెంటు పోయి బ్యాటరీ కూడ ఆరిపోతే డిస్కులోని సంగతులు చెడిపోవచ్చును. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు చాలావరకు ఉత్సవ విగ్రహములే గనుక, ఇన్వర్టరు ఉన్న చోటనో, కరెంటు నిలకడగా ఉండే వేళనో చేయుడి.

నాల్గవది: పెన్‌డ్రైవ్ తయారు చేయుట. లైనక్స్ మింట్ ఫైలు దాదాపు 3 జి.బి. ఉండును. దానిని వారి స్వంత స్థలమునుండియే దింపుకొనవలెను. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను నమ్మరాదు. తరువాత రూఫస్ అనే ఉచిత సాధనముతో ఆ ఫైలును 8 జి.బి. పెన్‌డ్రైవ్ మీద వ్రాయవలెను. ఊరకే కాపీ చేస్తే పనిచేయదు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతయు పోవును గనుక ఖాళీదానినే వాడుడి.

ఐదవది: రుచి చూచుట. పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ వేయుచు బూట్ మెనూ మీటను నొక్కవలెను. డెల్, లెనోవో వాటిలో చాలావరకు ఎఫ్ 12, హెచ్.పి. వాటిలో ఎఫ్ 9, ఆసుస్ వాటిలో ఎస్కేప్ మీట. అప్పుడు లైనక్స్ పెన్‌డ్రైవ్ నుండియే నడుచును, డిస్కును ముట్టుకొనదు. ఇక్కడ ఒక పూట గడపుడి. వైఫై దొరకుచున్నదా, ధ్వని వచ్చుచున్నదా, కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా అన్నియు చూడుడి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసివేయుడి. లైనక్స్ వలన మీ డిస్కులో మారినదేమియు ఉండదు. పెండ్లి చూపులలోనే సంగతులు తెలిసికొనుట మేలు గదా.

ఆరవది: స్థాపించుట. ఇన్‌స్టాల్ చేయునప్పుడు ఒక తెరమీద ముఖ్యమైన ప్రశ్న వచ్చును. విండోస్ ప్రక్కన స్థాపించవలెనా, లేక డిస్కునంతయు తుడిచివేసి స్థాపించవలెనా అని. ఈ వ్యాసమంతటిలో మీరు మరువకూడని మాట ఇదే: డిస్కును తుడుచు వరుసను ఎంచుకొనకూడదు. విండోస్ ప్రక్కన అను వరుసనే ఎంచుకొనవలెను. ఆ వరుస కనబడకపోతే ఏదో ఒకటి నొక్కక అక్కడే విరమించి, తెలిసినవారిని పిలువవలెను. పాత పద్ధతి డిస్కులలో నాలుగు ముఖ్య భాగములకంటె ఎక్కువ పట్టవు. కంపెనీవారే నాలుగింటిని నింపియుంటే క్రొత్తదానికి చోటు దొరకదు. పెన్‌డ్రైవ్‌ను యు.ఈ.ఎఫ్.ఐ. పద్ధతిలో తెరిచి, విండోస్ పాత బయోస్ పద్ధతిలో ఉన్నను చిక్కు కలుగును. రెండూ ఒకే పద్ధతిలో ఉండవలెను.

తరువాత ఎదురయ్యే చిన్న చిక్కులు

పని ముగిసి విండోస్ తెరిచినప్పుడు గడియారము అయిదున్నర గంటలు వెనుకకు చూపించవచ్చును. కంగారుపడకుడి. లైనక్స్ లోపలి గడియారమును ప్రపంచ కాలములో ఉంచును, విండోస్ దానినే మన కాలమనుకొనును. మన దేశ కాలము ప్రపంచ కాలముకంటె అయిదున్నర గంటలు ముందున్నది గనుక అంత తేడా వచ్చును. లోపలి గడియారమును స్థానిక కాలములో ఉంచుమని లైనక్స్‌కు ఒక్కసారి చెప్పితే సరిపోవును.

ఎంచుకొనే జాబితా రాక నేరుగా విండోసే తెరుచుకొంటే, ల్యాప్‌టాప్ సెట్టింగులలో బూట్ వరుసను మార్చి లైనక్స్‌ను ముందు పెట్టవలెను. ఇక లైనక్స్ వద్దనుకొనువారు విండోస్‌లోనుండి ఆ భాగమును ఒక్కసారిగా చెరిపివేయకూడదు. వీధి గుమ్మము ఆ వాటాకే కట్టియున్నది. వాటాను పడగొడితే గుమ్మము కూడ పడిపోయి, విండోస్ తెరుచుకొనుటకు అడ్డంకి కలుగవచ్చును. ముందు గుమ్మమును విండోస్‌కు మార్చి, ఆ తరువాతనే చెరపవలెను.

తెలుగు సంగతి చెప్పి ముగించెదము. లైనక్స్‌లో తెలుగు చూచుటకు, వ్రాయుటకు అడ్డంకి లేదు. ఇన్‌స్క్రిప్ట్ అను ప్రభుత్వపు మీటల వరుస అందులోనే ఉన్నది. ఉత్తరములు, లెక్కల పట్టికల కొరకు లిబ్రేఆఫీస్ అను ఉచిత సాధనముండును. అయితే పాత అను ఫాంట్లలో దాచిన వ్రాతలు అక్కడ తెలుగుగా కనబడవు. అవి యూనికోడ్ పద్ధతివి కావు. వాటిని విండోస్ వాటాలోనే తెరువవలెను. పిల్లలు కళాశాలకు పంపే వ్యాసములను పి.డి.ఎఫ్.గా మార్చి పంపితే వరుసలు చెదరవు.

పైన చెప్పిన కుటుంబములో ఇప్పుడు ఆ అమ్మాయి లైనక్స్ వాటాలో పాఠములు చదువుకొనుచున్నది, ఆసుపత్రి డ్యూటీల పట్టిక వ్రాసికొనుచున్నది. విండోస్ వాటా ఉన్నచోటనే ఉన్నది. ఆ తండ్రి మాటలు మాత్రము ల్యాప్‌టాప్‌లో ఒకచోట, బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఒకచోట, మేనమామ ఇంటిలో ఒకచోట ఉన్నవి.

ప్రియులారా, కొత్తది కొనగలవారు కొనుక్కొందురు. కొనలేనివారు తమ పిల్లల యెదుట తలదించుకొనవలసిన అవసరము లేదు. మీ ఇంటి పాత ల్యాప్‌టాప్‌లో ఇంకను ఎన్నో ఏండ్ల సేవ మిగిలియుండవచ్చును. లైనక్స్ ఎప్పుడు పెట్టుదురో మీ ఇష్టము. నకలు మాత్రము ఈ శనివారమే తీయుడి.